వదిన ‘ఆ’ అనే ముందు

వేటపాలెం
14 మే 2024

ఆడబిడ్డ రాజేశ్వరికి,

ఇక్కడ మనుషులం అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది మగ్గం షెడ్డు పైకప్పు ఒక్కటే. నిన్న ఓటేసి వస్తుంటే గాలివాన పట్టుకుంది. ఇంటికొచ్చి చూస్తే రెండు రేకులు ఎగిరిపోయి, పక్కింటివాళ్ళు జీడిపిక్కలు ఆరబోసుకున్న చోట పడి ఉన్నాయి. మిగిలిన రేకులు ఎగరలేదు గానీ తుప్పు పట్టి జల్లెడలా ఉన్నాయి. వానలు మొదలైతే మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి. గుంటలో నీళ్ళుంటే నాట్లు వేసుకోవాలి గానీ చీర నెయ్యలేమంటున్నాడు మా అబ్బాయి కోటేష్.

అందుకని మీ అన్నయ్య షేర్లు కొన్ని అమ్ముదామనుకుంటున్నాను. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కి చీరల మూట పట్టుకుని వాయిదాల మీద అమ్మడానికి వెళ్ళి, చీరలతో పాటు వాళ్ళ కబుర్లు కూడా విని, ఆ కంపెనీవే మూడొందలు కొనుక్కొచ్చాడు కదా. పోయేదాకా ఒక్కటీ అమ్మలేదు. ఆయన పోయాక వాటిని నా పేరుకు మార్చి పెట్టింది నువ్వే. ఎన్ని అమ్మాలన్నది రేకుల ధర కనుక్కున్నాక చెబుతాను.

నాకో సందేహం. చీర అమ్మితే చీర చేతికిచ్చి డబ్బు తీసుకుంటాను. షేరు అమ్మితే ఎవరి చేతికిస్తాం? డబ్బు ఎవరిస్తారు? మధ్యలో నువ్వేం చేస్తావు? ముప్పై ఏళ్ళుగా గుంటూరులో ‘సెటిల్మెంట్’ పని చేస్తున్నావని చెబితే, మన వీధిలో వాళ్ళు నువ్వు స్థలాల తగాదాలు తీరుస్తావనుకుని భయపడుతున్నారు. నేనూ కాదనలేదు. కాస్త భయం ఉంటే మంచిదే.

ఫోన్లో అడుగుదామంటే నువ్వు ఎత్తవు. ఎత్తినా, ‘ఉత్తరం రాయి వదినా, ఉత్తరంలో ఉన్న అందం ఫోన్లో ఎక్కడిది’ అంటావు. మూడేళ్ళ నుంచి నీ అందం నన్ను పోస్టాఫీసు చుట్టూ తిప్పుతోంది.

నీ వదిన,
సుబ్బరావమ్మ


నల్లపాడు
22 మే 2024

వదినకు,

నీ ఉత్తరం పోస్టులో రాలేదు. మీ పక్కింటి మొహిద్దీన్ బాషా గారు గుంటూరు కొట్లకు జీడిపప్పు డబ్బాలు వేయడానికి వచ్చి, దాన్ని మా ఆఫీసులో ఇచ్చి వెళ్ళారు. స్టాంపు డబ్బులు మిగుల్చుకుని పైగా పోస్టాఫీసు చుట్టూ తిరుగుతున్నానని రాశావు. మా అన్నయ్య నీ బేరానికి భయపడే దాచేపల్లి దాకా పారిపోయి చీరలు అమ్ముకున్నాడని నా అనుమానం.

ఇక సెటిల్మెంట్ సంగతి. నువ్వు ఫలానా షేర్లు అమ్మమని ఫోన్లో చెబుతావు. ఉదయ్ కుమార్ అని మా ఆఫీసులో ఆర్డర్లు వేసే ఆయన దాన్ని కంప్యూటర్లో కొడతాడు. దేశంలో ఎక్కడో ఒకాయన అదే ధరకు కొంటానని కూర్చుని ఉంటాడు. ఇద్దరి మాటా కలిసిందంటే అమ్మకం అయిపోయినట్టే. రెప్పపాటు కూడా పట్టదు. జనానికి తెలిసింది అంతవరకే. అక్కడ అయింది మాట మాత్రమే వదినా. సరుకూ కదల్లేదు, డబ్బూ కదల్లేదు. ఆ రెండూ కదిలించేదాన్ని నేను.

సాయంత్రానికి నువ్వు ఏం అమ్మావో, ఎంతకు అమ్మావో రాసిన కాగితం నీకు వస్తుంది. దాన్ని కాంట్రాక్ట్ నోట్ అంటారు. కొన్నాయన ఎవరో నీకు తెలియదు, నువ్వెవరో ఆయనకు తెలియదు. అందుకని మధ్యలో క్లియరింగ్ సంస్థ అని ఒకటి నిలబడుతుంది. అమ్మినవాళ్ళ దగ్గర షేర్లు తీసుకునేదీ, కొన్నవాళ్ళకు ఇచ్చేదీ అదే. మర్నాడు పొద్దున పదిన్నర లోపల నీ షేర్లు అక్కడికి చేరాలి. మధ్యాహ్నానికి డబ్బు వస్తుంది. చేరలేదనుకో, కొన్నాయనకు అన్యాయం జరగకుండా ఆ షేర్లను వేలంలో వేరేవాళ్ళ దగ్గర కొని ఆయనకిస్తారు. ఆ పైఖర్చు ఇవ్వనివాళ్ళ నెత్తిన వేస్తారు. అలా జరగకుండా చూడటమే నా ఉద్యోగం. నేను చేరినప్పుడు అన్నీ కాగితాల షేర్లు. రెండు వారాలు పట్టేది. సంతకం తోక కాస్త వంకరపోయినా తిప్పి పంపేవారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా చేతి మీదుగా ఒక్క తప్పు పోలేదు. కొత్తవాళ్ళు ఎవరైనా చేరితే మా యజమాని బాబ్జీ గారు నన్ను చూపించి, ‘ఈవిడ తప్పు చేస్తే ఆ రోజు ఆఫీసుకి సెలవు’ అంటారు.

షేర్లు పంపడానికి ఫోన్‌కి ఓటీపీ వచ్చే ఏర్పాటు ఉంది. పోయిన ఏడాది అది పెట్టిద్దామంటే, ‘ఓటీపీ దేవుడడిగినా చెప్పకూడదట’ అని నన్ను దొంగను చూసినట్టు చూశావు. కాబట్టి నీకు స్లిప్పే గతి, అంటే నీ షేర్లు పంపమని నాకు రాసిచ్చే కాగితం. ఎన్ని షేర్లో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, సంతకం పెట్టి పంపు. ఆర్డరు మాత్రం ఆఫీసు ఫోన్లోనే చెప్పాలి. ఆ లైన్లో మాటలన్నీ రికార్డవుతాయి. కాబట్టి నా మీద చాడీలు చెప్పకు.

రాజేశ్వరి


వేటపాలెం
6 జూన్ 2024

రాజేశ్వరికి,

ఎన్నికల ఫలితాల రోజు షేర్లన్నీ పడిపోయాయని టీవీలో చెబితే, నా మూడొందలు కూడా పడ్డాయేమో, ఎవరు ఏరుతారో అని కోటేష్‌ని అడిగాను. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గొడవ కాస్త సద్దుమణిగింది కాబట్టి, మంగళవారం, పదకొండో తేదీన అమ్ముతాను. ఆ పొద్దున చీరాలలో రేకుల షాపుకెళ్ళి ధర తేల్చుకుని, అక్కడి నుంచే ఒంటిగంటకు ఫోన్ చేసి ఎన్నన్నది చెబుతాను. స్లిప్పు రాసి బాషా గారి చేతికిస్తాను. ఆయన ఆ రోజు మధ్యాహ్నం బండికి గుంటూరు వస్తున్నారు.

మొన్న పెళ్ళిలో మీ ఆయన యలమందయ్య అన్నయ్య కలిశాడు. మీ ఇంట్లో టీవీ పెడితే నల్లపాడు స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాళ్ళు కూడా సీరియల్ వింటున్నారట. ఒకావిడ కథ మధ్యలో ఉందని రైలు ఎక్కలేదట. అన్నయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆ పెళ్ళిలోనే నిన్ను భోజనానికి రమ్మని మూడుసార్లు పిలిస్తే, నువ్వు ‘చీర ఎక్కడ కొన్నావు’ అని నన్ను అడిగావు. చీరలు నేసే ఇంటి కోడలిని పట్టుకుని.

సుబ్బరావమ్మ


నల్లపాడు
13 జూన్ 2024

వదినకు,

ముందు మంచి వార్త. నీ ఇరవై షేర్ల డబ్బు వచ్చింది. ఇవాళ నీ బ్యాంకులో పడుతుంది. రేకులు వేయించుకో.

ఇక రెండో వార్త. నువ్వు ఫోన్లో చెప్పింది అరవై. స్లిప్పు మీద రాసింది ఇరవై. నోటితో చెప్పే ధర ఒకటి, బిల్లు మీద వేసే ధర ఒకటి చీరల బేరంలో నడుస్తుందేమో గానీ ఇక్కడ నడవదు.

జరిగింది చెబుతాను. నువ్వు ఫోన్ చేసేసరికి ఉదయ్ కుమార్ భోజనానికి లేచాడు. ఆర్డర్లు వేసే పరీక్ష నేనూ పాసయ్యాను కాబట్టి అతను లేనప్పుడు ఆ కుర్చీలో నేనే కూర్చుంటాను. నువ్వు చెప్పిన అరవై వేశాను. ఒక్కోటి తొమ్మిది వందల రెండుకి పోయాయి. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే బాషా గారు గుమ్మంలో కవరు ఇచ్చారు. అంకె నాకు తెలిసిందే కదా అని విప్పకుండా సొరుగులో పెట్టాను. మర్నాడు పావుతక్కువ పదికి విప్పితే ఇరవై. ఉదయ్ కుమార్ నీకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా నువ్వు వేటపాలెంలో, స్లిప్పు మీద సంతకం ఇక్కడ కావాలి. పదిన్నర దాటిపోయింది. ఇరవై షేర్లు చేరాయి, నలభై చేరలేదు. మధ్యాహ్నం వేలంలో ఆ నలభైనీ కొన్నారు. ఇస్తామన్నది ఒక్కరే. వాళ్ళు చెప్పిందే ధర. ఏడువేల పైచిలుకు నష్టం.

బాబ్జీ గారు అందర్నీ పిలిచి రికార్డింగు వేయించారు. ‘అరవయ్యేగా’ అని నేను అడగడం, నువ్వు ‘ఆ, అలాగే’ అనడం స్పష్టంగా ఉందన్నారు. కాబట్టి ఆ ఏడువేలూ నీ ఖాతాలో రాస్తామంటున్నారు. ముప్పై ఏళ్ళలో నా బల్ల మీద ఇదే మొదటిది. అదీ మా సొంత వదిన చేతి చలవ.

రాజేశ్వరి


వేటపాలెం
18 జూన్ 2024

ప్రియమైన రాజేశ్వరికి,

నీ ఉత్తరం చేరింది. తప్పు నాదే. ఆ రోజు రేకుల షాపులో గోలగా ఉంది. నోరు జారి అరవై అని ఉంటాను. మర్నాడు ఉదయ్ కుమార్ గారు ఫోన్ చేసినప్పుడు నేను మళ్ళీ చీరాలలో ఉన్నాను, ఫోన్ ఇంట్లో మరిచిపోయాను. అదీ నా పొరపాటే.

ఆ ఏడువేలూ నా ఖాతాలోనే రాయించు. బాబ్జీ గారికి నా క్షమాపణలు చెప్పు. కావాలంటే నేను అరవై అనే చెప్పానని కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతాను. నువ్వు ఏమీ మనసులో పెట్టుకోకు.

షెడ్డుకి కొత్త రేకులు వేయించాం. బాగున్నాయి.

సుబ్బరావమ్మ


నల్లపాడు
24 జూన్ 2024

వదినకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో ఒక్క ఎకసెక్కెం లేదు. నన్ను ‘ప్రియమైన’ అన్నావు. ‘క్షమాపణలు’ అన్నావు. మా అన్నయ్యకు కూడా నువ్వు ఏనాడూ చెప్పని మాట అది. ఒంట్లో బాగాలేదేమోనని ముందు భయపడ్డాను. తర్వాత అనుమానం వచ్చింది.

ఒక నిజం చెబుతాను. బాబ్జీ గారు రికార్డింగుని స్పీకర్లో వేసినప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గరగరమని ఏదో మోత. ఆయన తల ఊపారు, ఉదయ్ కుమార్ ఊపాడు, నేనూ ఊపాను. నీకు రాసిందంతా ఆయన చెప్పిందే గానీ నేను విన్నది కాదు.

మొన్న శనివారం మార్కెట్ సెలవు. పాత స్లిప్పులు సర్దడానికని ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్ళాను. ఉదయ్ కుమార్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు చివరిదాకా పెంచి విన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“చెప్పు వదినా, ఎన్ని?”

“ఇరవై.”

“అరవయ్యా?”

“ఇరవై, రాజేశ్వరీ. ఇరవై.”

“అదే, అరవై. వేసేస్తున్నా. అరవయ్యేగా?”

తర్వాత నువ్వేమీ అనలేదు. వెనకాల రేకులు దించుతున్న చప్పుడు, ఎవరో టీ అడుగుతున్నారు. అప్పుడు నువ్వన్నావు: “ఆ. అలాగే.”

ఆ మధ్యలో ఎంతసేపు ఆగావో గడియారం పెట్టి చూశాను. రెండు సెకన్లు. వాటినే పదిసార్లు వేసుకుని విన్నాను. వింటూ ఉంటే నాకు తెలిసింది, ఈ ఆగడం నాకు కొత్త కాదు. చెవితో వినలేదు గానీ కళ్ళతో రోజూ చూస్తున్నాను. నేను ఏదో అంటాను. ఎదుటివాళ్ళు నా మొహంలోకి చూసి, ఒక్క క్షణం ఆగి, ‘ఆ’ అంటారు. ఉదయ్ కుమార్ అంటాడు. మా ఆయన అంటారు. కూరలు తెచ్చే ఆమె అంటుంది. నేను చెప్పినదానికల్లా అందరూ ఒప్పుకుంటుంటే, వయసు పెరిగింది కదా, గౌరవం కూడా పెరిగిందనుకున్నాను.

నేను అరవై అన్నది నీకు వినపడింది వదినా. మరి ఎందుకు ‘ఆ’ అన్నావు? ఈసారి ప్రియమైన, క్షమాపణలు ఏమీ వద్దు. నిజం రాయి.

రాజేశ్వరి


వేటపాలెం
29 జూన్ 2024

రాజేశ్వరీ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నీకు చెవులు తగ్గాయని నాకు మూడేళ్ళుగా తెలుసు. ఉత్తరాల్లోని అందం నీకు కనపడింది సరిగ్గా అప్పుడే కదా.

ఆ రోజు నువ్వు అరవై అన్నప్పుడు ఫోన్లో నీ వెనక ఎవరో నవ్వినట్టు నాకు వినపడింది. నన్ను చూసి నవ్వారో, నిన్ను చూసి నవ్వారో, వాళ్ళ కబుర్లేవో చెప్పుకుని నవ్వారో తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రికార్డయ్యే లైనని నువ్వే రాశావు. ‘నీకు వినపడలేదా రాజేశ్వరీ’ అని నేను అరిస్తే, ఆ మాట మీ ఆఫీసు కంప్యూటర్లో ఎన్నేళ్ళు ఉంటుందో, ఎవరెవరు వింటారో అనిపించింది. స్లిప్పు మీద ఇరవై అనే రాశాను కదా. అది చూసుకుని నువ్వే ఎవరికీ తెలియకుండా సర్దుకుంటావనుకున్నాను. రెప్పపాటులో అమ్మకం అయిపోతుందని నువ్వు రాసింది ఆ నిమిషాన గుర్తు రాలేదు. చీరల బేరంలో సాయంత్రం దాకా మాట మార్చుకోవచ్చు. ఆ అలవాటు.

బాషా గారికి కూడా చెప్పి పంపాను. ఆయన గుమ్మంలో కవరు ఇస్తూ, ‘ఇరవై అని గట్టిగా చెప్పమన్నారమ్మా’ అన్నారట. నువ్వు నవ్వుతూ, ‘పిల్లలంతా బాగున్నారండి’ అన్నావట. ఆయన కాసేపు నిలబడి ‘ఆ, మంచిదమ్మా’ అని వచ్చేశారు. నీకు పిల్లలు లేరని ఆయనకు తెలుసు. ఏ పిల్లలో పాపం ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.

ఇలా మేమంతా కలిసి నీ గౌరవం కాపాడాం. దాని ఖరీదు ఏడువేల పైచిలుకు.

ఇంకొక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అన్నయ్యకు చివరి రెండేళ్ళు చూపు బాగా తగ్గింది. తెగిన పోగుల్ని తప్పుగా అతికేవాడు. ఆయన టీ తాగడానికి లేచినప్పుడు నేను గుంటలోకి దిగి, అవన్నీ విప్పి మళ్ళీ అతికి పెట్టేదాన్ని. ఆయనకు చెప్పలేదు. నలభై ఏళ్ళు నేసిన మనిషితో నీ చెయ్యి తప్పుతోందని ఎలా చెప్పను? తన పని చక్కగా సాగుతోందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఎడమ కన్ను పూర్తిగా పోయాక తీసుకెళితే, ముందు వచ్చి ఉంటే నిలబడేదమ్మా అన్నాడు డాక్టరు. చీరలు పాడవకుండా చూశాను గానీ ఆయన కళ్ళు చూడలేదు నేను.

ఆ పని రెండోసారి చెయ్యను. నీకు వినపడటం లేదు, రాజేశ్వరీ. ఇరవైకీ అరవైకీ తేడా తెలియనంతగా వినపడటం లేదు. కోపం వస్తే తెచ్చుకో. ‘ఆ’ అన్నది నేను కాబట్టి ఏడువేలూ నేనే కడతాను.

సుబ్బరావమ్మ


నల్లపాడు
15 జూలై 2024

వదినకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాలుగో రోజు మా ఆయన్ని, ‘ఏమండీ, నాకు వినపడటం లేదా?’ అని అడిగాను. ఆయన ఏదో అన్నారు. నాకు వినపడలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత కాస్త ఏడ్చాను. ఆయన లేచి వెళ్ళి టీవీ కట్టేశారు. కట్టేసేదాకా అది మోగుతోందని కూడా నాకు తెలియదు.

మర్నాడే బాబ్జీ గారి గదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లు ఆయన ముందు పెట్టాను.

“ఆ రికార్డింగు మొదటినుంచీ వినండి” అన్నాను.

“విన్నాం కదండీ. మీ వదినగారు ‘ఆ’ అన్నారు. రూలు ప్రకారం అది చాలు.”

“అంతకుముందు మూడుసార్లు ఇరవై అంది. నాకు వినపడలేదు బాబ్జీ గారూ. తప్పు నాది, ఆవిడది కాదు. ఆవిడ ఖాతాలో రాయడానికి వీల్లేదు.”

ఆయన నా మొహంలోకి చూసి ఆగారు. అదే ఆగడం.

“ఆగకండి. మనసులో ఏముందో చెప్పండి” అన్నాను.

“ఇదివరకు రెండుసార్లు ఇలాగే అయిందండీ” అన్నారు ఆయన, పెద్దగా, నిదానంగా. “పోయిన దీపావళి ముందొకటి, ఫిబ్రవరిలో ఒకటి. ఉదయ్ చూసి అప్పటికప్పుడు సర్దేశాడు. మీతో చెబుదామనుకున్నాం. నోరు రాలేదు.”

నా చేతి మీదుగా ఒక్క తప్పు పోలేదని నీకు గొప్పగా రాశాను కదా. పోయాయి వదినా. నా వెనక కూర్చుని ఉదయ్ కుమార్ విప్పి అతికాడు. ఏడువేలు పోయినందుకు కలగని బాధ ఇది విన్నప్పుడు కలిగింది.

ఎందుకు దాచానో నీకు చెప్పాలి. ఆర్డర్ల కుర్చీలోంచి లేపేస్తారని మొదట భయం. ఆ తర్వాత, దాస్తున్నానన్న సంగతి నాకే గుర్తు లేకుండా పోయింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొచ్చాను. ఫోన్లో పెదవులు కనపడవు కదా.

బాబ్జీ గారు ఆ నష్టాన్ని ఆఫీసు పొరపాట్ల కింద రాయించారు. సగం నా జీతంలోంచి పట్టుకోమన్నాను. వద్దన్నారు. సరే పట్టుకుంటాననేదాకా ఆ గదిలోంచి కదల్లేదు. నువ్వు ఒక్క రూపాయి కూడా పంపకు. పంపితే బాషా గారి చేత తిప్పి పంపిస్తాను. నువ్వు అమ్మని నలభై షేర్లూ నీ దగ్గరే ఉన్నాయి. వాటిని కొన్నాననుకున్న ఆ ముక్కూమొహం తెలియని మనిషికి కూడా గురువారం నాటికి అందాల్సినవి అందాయి. మనిద్దరం ఇన్ని ఉత్తరాలు రాసుకున్నామనీ, ఒకరి మీద ఒకరం పడ్డామనీ ఆయనకు ఎప్పటికీ తెలియదు. మధ్యలో నేనేం చేస్తానని అడిగావు కదా, ఇదే.

గుంటూరులో చెవి డాక్టరుకి చూపించుకున్నాను. రెండు చెవులూ తగ్గాయట, కుడిది ఎక్కువ. మిషన్లు పెట్టారు. పెట్టుకున్న మొదటి రోజు ఆఫీసులో ఫ్యాను ఇంత మోత చేస్తుందా అని అడిగితే, ఉదయ్ కుమార్, ‘ఆరేళ్ళుగా చేస్తోందండీ’ అన్నాడు. మా ఆయన అన్నం తినేటప్పుడు ఇంత చప్పుడు చేస్తారని పెళ్ళైన ముప్పై రెండేళ్ళకు తెలిసింది. ఆ పూటకి మిషన్లు తీసి పక్కన పెట్టాను.

బాబ్జీ గారు ఆగస్టు నుంచి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవచ్చన్నారు. నాకే ధైర్యం చాలడం లేదు. ఫోన్ మోగుతుంటే ఉదయ్ కుమార్ వైపు చూస్తున్నాను. స్లిప్పులు చూసుకుంటూ ఉండిపోతే నయమేమో అనిపిస్తోంది. నువ్వేమంటావు?

రాజేశ్వరి


వేటపాలెం
2 ఆగస్టు 2024

రాజేశ్వరికి,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసి గంటా పది నిమిషాలు మాట్లాడావు. మూడేళ్ళ కబుర్లు ఒక్క రోజున చెప్పేశావు. నా కూర మాడిపోయింది. ఉత్తరాల్లో నువ్వు ఎంత పొదుపుగా ఉండేదానివో ఇప్పుడు తెలిసింది. కోటేష్ వచ్చి, ‘అమ్మా, అత్తయ్యకు నిజంగానే వినపడుతోందా?’ అని అడిగాడు. వినపడుతుందో లేదో నాకు తెలియలేదురా, వినే అవకాశం ఆవిడ తీసుకోలేదు అన్నాను.

మొన్న పెద్ద వాన పడింది. కొత్త రేకుల కింద చుక్క కారలేదు. వాన మోతలో మగ్గం చప్పుడు వినపడక, నేస్తున్నానో ఊరికే కూర్చున్నానో నాకే తెలియలేదు. నీకు ఎలా ఉండేదో కాస్త అర్థమైంది.

మా కోడలు శ్రీదివ్య తనకూ ఒక మగ్గం కావాలంటోంది. వాళ్ళ పుట్టింటివాళ్ళు చీరాలలో పాతది ఒకటి ఇస్తామన్నారు గానీ దాన్ని బాగుచేయించాలి, రెండో గుంట తీయించాలి. వద్దని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. మీ అన్నయ్య ఉంటే ఈపాటికి గుంట తవ్వుతూ ఉండేవాడు. అందుకని ఇంకొన్ని షేర్లు అమ్ముతాను.

నువ్వేమంటావని అడిగావు కదా. మంగళవారం ఒంటిగంటకు మీ ఆఫీసు ఫోన్‌కి చేస్తాను. ఉదయ్ కుమార్ గారు మంచివారే గానీ, ఆయన ఎత్తితే పెట్టేస్తాను. నువ్వు ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. వినపడకపోతే వినపడలేదని చెప్పు, మళ్ళీ చెబుతాను. తప్పుగా వింటే అక్కడికక్కడే దిద్దుతాను, మీ ఆఫీసంతా విన్నా సరే.

ఎన్ని షేర్లన్నది ఈ ఉత్తరంలో రాయడం లేదు. స్లిప్పు కూడా బాషా గారు సాయంత్రమే తెస్తారు.

నీ వదిన,
సుబ్బరావమ్మ